పాదరక్షల పరిమార్జనము – చిత్తవిశ్రాంతి

గృహస్థుల నోట తఱచుగా వినవచ్చు మాట యొకటి కలదు. ఉదయము మొదలు రాత్రి వఱకు దంతధావనము, క్షౌరము, స్నానము, బట్టలుతుకుట, పాత్రలు తోముట, పిల్లలకు తల దువ్వుట, చెప్పులు తుడుచుట మున్నగు పనులతోడనే కాలము గడచిపోవుచున్నదనియు, భగవంతుని స్మరించుటకు తీరిక చిక్కుట లేదనియు, మనస్సునకు శాంతి కావలెనన్నచో ఏ తిరుమలకో, ఏ శ్రీరంగమునకో పోవలసినదే యనియు వారు చెప్పుదురు. యాత్ర ముగించుకొని ఇల్లు చేరిన మఱునాడే ఆ శాంతి తఱిగిపోయినదని చింతించువారును కలరు.

సంవత్సరమున 3 దినములు యాత్రలోను, మిగిలిన 362 దినములు ఇంటిలోను గడపువారికి యాత్రయందు మాత్రమే శాంతి లభించునన్నచో, వారి ఆయుర్దాయమున అధికభాగమును అశాంతికే అప్పగించినట్లగును. పూర్వాచార్యులు అట్లు అప్పగింపలేదు. దినచర్యయందలి చిన్న పనులనే చిత్తము నిలుచుటకు ఆలంబనములుగా వారు చూపిరి. ఆ పనులలో మిక్కిలి తక్కువదిగా లోకము ఎంచునది పాదరక్షలను శుభ్రపఱచుట. కావున దానినే ముఖ్యోదాహరణముగా గైకొని ఈ విషయము ఇచట విచారింపబడుచున్నది.

విశ్రాంతి యనగా నేమి?

'విశ్రాంతి' యను పదము 'శ్రము' ధాతువునుండి పుట్టినది. ధాతుపాఠమునందు ఈ ధాతువునకు తపస్సు, ఖేదము అను రెండర్థములు చెప్పబడినవి. ఒకే ధాతువునుండి అలసట యను అర్థముగల 'శ్రమ'యు, తపోభూమి యను అర్థముగల 'ఆశ్రమము'ను ఏర్పడినవి. దీనివలన తెలియవలసిన దేమనగా, చేయు పని ఒకటియే యైనను, దానిని చేయువాని బుద్ధినిబట్టి అది ఖేదమును కావచ్చును, తపస్సును కావచ్చును. ఖేదమును పోగొట్టి తపస్సును నిలుపునదే విశ్రాంతి.

పని మానివేసి కూర్చుండుటయే విశ్రాంతి యని లోకమున భ్రమ కలదు. పని లేక కూర్చున్నవాని శరీరము కదలదు గాని, మనస్సు నిన్నటి కలహమునకును, రేపటి ఖర్చునకును పరుగులిడుచునే యుండును. మనస్సు చంచలమని అర్జునుడు విన్నవింపగా, అభ్యాసముచేతను వైరాగ్యముచేతను దానిని పట్టవచ్చునని భగవంతుడు గీతయందు ఆఱవ అధ్యాయమున సెలవిచ్చెను. అభ్యాసమునకు ఆలంబనము కావలయును. మొదటనే నిరాలంబముగా ధ్యానము చేయబూనుట ఈత రానివాడు నడియేటిలో దిగుటవంటిది. గట్టు దగ్గఱ మోకాలి లోతు నీటిలో అభ్యసించినట్లు, చేతులకు పరిచితమైన చిన్న పనిలో మనస్సును నిలుపుట సులభతరమైన ఆరంభము.

చెప్పులు తుడుచు విధము

పాదరక్షల పరిమార్జనము ఎట్టి పనియో కొంచెము పరిశీలింపవలయును. మొదట బూట్ల త్రాళ్ళు విప్పి వేఱుగ నుంచవలయును. అటుపిమ్మట పొడిగుడ్డతోగాని గట్టి కుంచెతోగాని దుమ్మును, అడుగున కుట్లలో చేరిన మట్టిని రాల్చవలయును. దుమ్ము తీయకయే రంగు పూసినచో ఇసుకరేణువులు తోలును గీచివేయును. తరువాత మెత్తని గుడ్డను వ్రేలికి చుట్టి, పాలిష్‌ను కొంచెముగ తీసికొని, చిన్న చిన్న సున్నలు చుట్టుచు పలుచగా పూయవలయును. దట్టముగా పూసినచో మెఱుగు రాదు, జిడ్డు మిగులును. పూసిన పిదప కొంతసేపు ఆఱనీయవలయును. ఆఱిన తరువాత కుంచెతో ఇటునటు సమముగ రాచి, కడపట మెత్తని పొడిగుడ్డతో తుడిచినచో మెఱుగు వచ్చును.

ఇందు కారణము కలదు. తోలులో సహజముగ నుండు జిడ్డు ఎండవలనను గాలివలనను తఱుగుచుండును. తఱిగినచో తోలు బిఱుసెక్కి మడతలయందు పగులును. పాలిష్‌లోని మైనము పైన పలుచని పొరయై తడిని చొరనీయదు. గఱుకును కప్పి వెలుగును సమముగ ప్రతిఫలింపజేయును. పూర్వము గ్రామములందు కిఱ్ఱుచెప్పులకు ఆముదము పట్టించుటయు ఈ ప్రయోజనమునకే. వానకు తడిసిన చెప్పులను ఎండలోగాని పొయ్యి దగ్గఱగాని ఉంచక, లోపల పాతకాగితములు కుక్కి నీడలో ఆఱబెట్టవలయునని అనుభవజ్ఞులు చెప్పుదురు.

ఈ పనికి ఒక ఆది, ఒక మధ్యము, ఒక అంతము కలవు. పావుగంటలో పూర్తియగును. ఫలము కన్నులకు వెంటనే కనబడును. ఇందు ఒకరితో పోటీ లేదు. ఒకరి మెప్పుకొఱకు ఎదురుచూచుట లేదు. చేయి ఒకే తీరున కదలుచుండగా ఊపిరియు క్రమముగ నెమ్మదించును. తొందరపడినచో పని చెడును గనుక పనియే తొందరను మానుపును. ఆఱువఱకు వేచియుండుట తప్పనిసరియగుటచే ఓర్పు తానుగా అలవడును. లోకమున అనేక కార్యములు సంవత్సరములు గడచినను ముగియవు. న్యాయస్థానమునందలి వ్యవహారము, బిడ్డ వివాహము, తీరని ఋణము మొదలగునవి మనుష్యుని చేతిలో లేవు. చేతిలో ముగియు పని యొకటి దినమున కొక్కటి యైనను ఉండుట చిత్తమునకు గొప్ప ఊఱట. ఇంతవఱకు లౌకికప్రయోజనము. దీనికి మించినదానిని శ్రీవైష్ణవ సంప్రదాయము చూపుచున్నది.

ఆంధ్రపూర్ణుని మూట

భగవద్రామానుజుల (1017–1137) అంతేవాసులలో వడుగనంబి యను మహనీయు డుండెను. సంస్కృతమున ఆంధ్రపూర్ణుడని ఆయనకు పేరు. మైసూరు సీమలోని సాలిగ్రామము ఆయన స్థానము. రామానుజుల శిష్యులలో వేదాంతార్థములను వ్యాఖ్యానించినవారు, మఠములను నడపినవారు, దిగ్విజయము చేసినవారు పలువురు కలరు. ఆంధ్రపూర్ణునికి లభించిన పని ఆచార్యుల పాలు కాచుట, తైలము సిద్ధపఱచుట, పాదుకలను సంరక్షించుట వంటిది. ఆయన దానినే సర్వస్వముగా నెంచెను.

గురుపరంపరా గ్రంథములందు ఆయనను గూర్చి రెండు కథలు ప్రసిద్ధములు. ఒకానొకప్పుడు ప్రయాణసమయమున ఆంధ్రపూర్ణుడు ఆచార్యుల తిరువారాధన మూర్తిని మూటగట్టుచు, అదే మూటలో ఆచార్యుల పాదుకలనుగూడ చేర్చెను. రామానుజులు చూచి దిగ్భ్రాంతులై, ఇదేమి పని యని ప్రశ్నించిరి. ఆచార్యులకు వారి పెరుమాళ్ళు ఎట్టివారో తనకు ఆచార్యుల పాదుకలు అట్టివే యనియు, అందు తక్కువ యేమి కలదనియు ఆయన విన్నవించెను.

మఱియొక దినమున శ్రీరంగనాథుని ఉత్సవము మఠము ముంగిటికి వేంచేసెను. రామానుజులు బయటకు వచ్చి, పెరుమాళ్ళను సేవించుటకు రమ్మని ఆంధ్రపూర్ణుని పిలిచిరి. ఆయన అప్పుడు పొయ్యి దగ్గఱ ఆచార్యులకై పాలు కాచుచుండెను. తమ పెరుమాళ్ళను సేవించుటకు తాను వచ్చినచో తన పెరుమాళ్ళ పాలు పొంగిపోవునని ఆయన బదులు పలికెను.

ఈ కథలను ఆచార్యనిష్ఠకు ఉదాహరణములుగా పెద్దలు చెప్పుదురు. విశ్రాంతివిషయమునను ఇవి పాఠము చెప్పుచున్నవి. వీథిలో మంగళవాద్యములు మ్రోగుచుండగా ఆంధ్రపూర్ణుని చిత్తము పొయ్యికిని వీథికిని నడుమ చీలిపోలేదు. తాను చేయు పనికన్న వేఱొకచోట శ్రేష్ఠమైనది జరిగిపోవుచున్నదను తహతహ ఆయనకు లేదు. సాధారణ గృహస్థుని అలసటకు ముఖ్యకారణము ఈ తహతహయే. పాత్రలు తోమునప్పుడు జపము చేయలేకపోతినని చింత. జపము చేయునప్పుడు పాత్రలు మిగిలినవని చింత. రెండు చింతలు కలసి రెండు పనులను చెఱచును. చేయుచున్న పని ఎవరి సొత్తో తెలిసినవానికి ఈ చీలిక యుండదు.

తన చెప్పులు తుడుచుకొనుట సేవ యెట్లగును?

ఇచట ఒక ఆక్షేపము పుట్టును. ఆంధ్రపూర్ణుడు తుడిచినవి ఆచార్యుల పాదుకలు. భరతుడు శిరస్సున ధరించినవి శ్రీరాముని పాదుకలు. చిత్రకూటమున వానిని గైకొని, నందిగ్రామమున పట్టాభిషేకము చేసి, తానే ఛత్రచామరములు పట్టి, రాజ్యకార్యములను వానికి నివేదించుచు 14 సంవత్సరములు కైకేయీతనయుడు భరతుడు సేవ చేసెను. శ్రీమద్వేదాంతదేశికులు 32 పద్ధతులుగ 1008 శ్లోకములతో పాదుకాసహస్రమును రచించి స్తుతించినవి శ్రీరంగనాథుని పాదుకలు. దేవాలయములందు భక్తుల శిరస్సుపై ఉంచబడు శఠారియు భగవంతుని పాదుకయే. నమ్మాళ్వారుల తిరునామమునుబట్టి దానికి ఆ పేరు. అట్టి పాదుకల ప్రశంసను తెచ్చి, కచ్చేరికి పోవువాడు తన బూట్లు తుడుచుకొనుటకు జోడించుట తగునా? ఇది స్వార్థమే గాని సేవ యెట్లగును?

దీనికి సమాధానము విశిష్టాద్వైత సిద్ధాంతమునందే కలదు. జీవుడు శేషుడు, భగవంతుడు శేషి. శరీరము, దానికి కావలసిన వస్తుజాతము, ఇవన్నియు శేషివే. రాజుగారి అశ్వమునకు మాలీసు చేయు భటుడు ఆ గుఱ్ఱముపై తానే స్వారి చేసి రాజకార్యమునకు పోవును. అయినను గుఱ్ఱము రాజుదే, మాలీసు రాజసేవయే. ఆ భటుడు గుఱ్ఱమును అశ్రద్ధ చేసినచో రాజద్రోహమగును. తనదని గర్వించినచో దొంగతనమగును. శరీరవిషయమునను ఇట్లే. నగరపాలకుడు నగరమునందును, రథికుడు రథమునందును జాగరూకుడైయుండునట్లు బుద్ధిమంతుడు తన శరీరమునందు జాగరూకుడై యుండవలెనని చరకసంహితయందు సూత్రస్థానమున చెప్పబడినది. ఆ ప్రకరణముననే పాదరక్షాధారణము కంటికి, పాదములకు, బలమునకు మేలు చేయునని గూడ చెప్పబడినది. వాగ్భటాచార్యుని అష్టాంగహృదయము దినచర్యాధ్యాయమున అభ్యంగము శ్రమను, వార్ధక్యమును, వాతమును పోగొట్టుననియు, శిరస్సు, చెవులు, పాదములు అను మూడు స్థానములందు విశేషముగ చేయవలెననియు విధించుచున్నది. శరీరమును అప్పగింపబడిన సొత్తుగా కాపాడుటయే వీని తాత్పర్యమని వైష్ణవుడు గ్రహింపవలయును.

మఱియొక సులభమార్గమును కలదు. తన చెప్పులతోపాటు తలిదండ్రుల చెప్పులు, ఇంటికి వచ్చిన అతిథి చెప్పులు గూడ తుడిచినచో సేవాభావము వాదము లేకయే సిద్ధించును.

తోలు అశుచి కాదా?

కొందఱు ఆచారపరులు రెండవ ఆక్షేపమును తెత్తురు. తోలు అశుచి, చెప్పులు ముట్టినవాడు మైలపడును, కావున ఆ పని ఇతరులకు విడువవలెనని వారి మతము. విచారించినచో ఇది నిలువదు. కృష్ణాజినము చర్మమే, యజ్ఞమునందు దానికి స్థానము కలదు. యోగాభ్యాసికి దర్భలు, అజినము, వస్త్రము గల ఆసనమును గీత విధించినది. మనుస్మృతి ఐదవ అధ్యాయమున ద్రవ్యశుద్ధి చెప్పుచు, చర్మమునకు వస్త్రమునకువలెనే శుద్ధి యని నిర్ణయించినది. చెప్పులకు అంటునది వీథిలోని మలినము. అది కడిగినచో పోవునది. కావున స్నానమునకును ఆరాధనమునకును నడుమ చెప్పులను ముట్టక, రాత్రి ఇల్లు చేరిన పిమ్మటగాని, ఉదయము స్నానమునకు ముందుగాని ఆ పని ముగించి కాలుసేతులు కడిగికొన్నచో ఆచారమునకు ఏ లోపమును లేదు.

మహాభారతమున అనుశాసనపర్వమునందు పాదరక్షల పుట్టుకను గూర్చి భీష్ముడు ధర్మరాజునకు ఒక కథ చెప్పెను. జమదగ్నిమహర్షి బాణములు వేయుచు క్రీడించుచుండగా రేణుకాదేవి వానిని ఏఱి తెచ్చుచుండెను. మిట్టమధ్యాహ్నమున ఎండకు ఆమె తలయు పాదములును మాడినవి. మహర్షి కోపించి సూర్యునిపైకి బాణమెత్తగా, సూర్యుడు బ్రాహ్మణరూపమున వచ్చి శరణుజొచ్చి, ఛత్రమును పాదరక్షలను ఆయనకు ఒసగెను. అందువలననే ఛత్రోపానహదానము పుణ్యప్రదమైనది. ఒక స్త్రీ పాదములు కాలినందులకు కలిగిన జాలినుండి పాదరక్షలు పుట్టినవని ఈ కథాభావము. జాలినుండి పుట్టిన వస్తువును నీచమని తలంచుట తగదు.

దానిని కుట్టువానిని నీచముగ చూచుట అంతకన్న తగదు. కాశీనగరమున పాదరక్షలు కుట్టుచు జీవించిన రవిదాసును ఉత్తరదేశమున భక్తులందఱు పూజ్యునిగ కొలుచుచున్నారు. తిరుమల శ్రీవారికి కొత్త పాదుకలు కుట్టి సమర్పించు భక్తులను గూర్చిన ఐతిహ్యము తెలుగునాట ప్రసిద్ధము. స్వామి రాత్రివేళ కొండ దిగి నడచుటచే పాదుకలు అఱుగునని జనులు విశ్వసింతురు. అలిపిరి పాదాలమండపమున యాత్రికులు పాదుకలను శిరస్సున నుంచుకొని ప్రదక్షిణము చేసి, అటుపిమ్మట వట్టికాళ్ళతో సుమారు 3,550 మెట్లు ఎక్కుదురు. ఆ మండపమున పాదుకను తలపై నుంచుకొన్నవాడు ఇల్లు చేరిన తరువాత, దారిప్రక్కన చెట్టుక్రింద చెప్పులు కుట్టువానిని కసరికొట్టినచో ఆ ప్రదక్షిణమునకు ఫలమేమి?

స్వామికి జరుగు పరిచర్య

భగవంతునికి మన అలంకరణములతో పనిలేదు. అయినను ఆగమములు ఆయనకు దినచర్యను విధించినవి. రామానుజులు అనుగ్రహించిన నిత్యగ్రంథమునందు గృహారాధనక్రమము చెప్పబడినది. మంత్రాసనము, స్నానాసనము, అలంకారాసనము, భోజ్యాసనము మున్నగు ఆసనములు వరుసగా సమర్పింపబడును. స్నానాసనమున స్వామికి దంతకాష్ఠము, పుక్కిలించుటకు జలము, తైలము, స్నానోదకము, తుడుచుటకు వస్త్రము మొదలగునవి భావనచేత అర్పింపబడును. మనుష్యుడు ఉదయమున తనకు తాను చేసికొనునవి ఇవియే. తాను పండ్లు తోముకొను సమయమున, మఱికొంతసేపటిలో స్వామికి దంతకాష్ఠము సమర్పింపవలసి యున్నదని స్మరించువానికి ఆ పని ఆరాధనకు పూర్వాంగమగును.

తిరుమలలో శుక్రవారము మూలవిరాట్టునకు అభిషేకము జరుగును. దానికి ముందు గురువారము ఆభరణములను సడలించి, తిరునామమును తగ్గింతురు. అప్పుడు భక్తులకు స్వామి నేత్రదర్శనము లభించును. సంవత్సరమునకు నాలుగు పర్యాయములు, ఉగాది, ఆణివార ఆస్థానము, బ్రహ్మోత్సవములు, వైకుంఠైకాదశి వీనికి ముందు మంగళవారములందు, కోయిల్ ఆళ్వార్ తిరుమంజనము జరుగును. ఆలయమును కడుగుటయే అచట ఉత్సవము. లోపలి సామగ్రిని వెలికి తెచ్చి శుద్ధిచేసి, గర్భాలయము మొదలుకొని గోడలను, పైకప్పులను కడిగి, కర్పూరము, చందనము, కుంకుమ, పసుపు, కిచ్చిలిగడ్డ మున్నగు సుగంధద్రవ్యములు కలిపిన పరిమళమును పూయుదురు. కడుగుటకు పండుగ పేరు పెట్టిన సంప్రదాయమున పుట్టినవారు ఇల్లు కడుగుటను వెట్టిచాకిరి యనుకొనుట వింతయే.

ఇంట పూజాపాత్రల విషయమును ఇట్టిదే. రాగి, ఇత్తడి పాత్రలను చింతపండుతో తోమినచో పులుపు నల్లని మఱకను కరగించి లోహమును వెలిపఱచును. క్షారము, ఆమ్లము, జలము వీనితో రాగి, కంచు మొదలగువాని శుద్ధి చేయవలెనని మనుస్మృతి చెప్పియున్నది. మఱక కరగి ఎఱ్ఱని రాగి బయటపడు క్షణమున తోమువారి మనస్సు పొందు చిన్న సంతోషము అందఱు ఎఱిగినదే. పాత్రకు కొత్తగా ఎఱ్ఱదనము ఎవరును తెచ్చిపెట్టలేదు, ఉన్నదే కనబడినది. శేషత్వజ్ఞానము జీవునికి క్రొత్తగా వచ్చునది కాదనియు, కప్పిన అవిద్య తొలగగా ప్రకాశించుననియు వేదాంతులు చెప్పుమాటకు ఇంతకన్న సులభమైన దృష్టాంతము లేదు.

అలంకారము ఎవరికొఱకు?

శుభ్రతకును శృంగారమునకును నడుమ హద్దు సన్ననిది. అద్దము ముందు నిలిచిన మనస్సు ఏవైపునకైన జాఱవచ్చును. ఈ హద్దును గోదాదేవి తిరుప్పావైలో నిర్ణయించి చూపినది. రెండవ పాశురమున వ్రతము పట్టిన గోపికలు కంటికి కాటుక పెట్టమనియు, తలలో పూలు ముడువమనియు నియమము చేసికొందురు. ఇరువదియేడవ పాశురమున అదే గోపికలు కంకణములు, భుజకీర్తులు, కర్ణభూషణములు, నూతనవస్త్రములు కోరుదురు. ముందు వలదన్నవానిని పిమ్మట కోరుటలో విరోధము లేదు. స్వామి లేని అలంకారము వలదు. స్వామి సన్నిధిలో, ఆయన ఆనందముకొఱకు అలంకారము కావలయును. శ్రీవిల్లిపుత్తూరున ఆమె మాలను ధరించి నీడ చూచుకొన్నదియు, స్వామికి తాను తగుదునా యను తలంపుతోడనే.

ఊర్ధ్వపుండ్రధారణము ఈ విషయమున నిత్యశిక్షణము. అద్దము చూచుచునే తిరుమణి దిద్ది, శ్రీచూర్ణము నుంచుదురు. కేశవ నామము మొదలు దామోదర నామము వఱకు 12 నామములతో 12 స్థానములందు ధరింతురు. చేయి వణకరాదు, గీత వంకరపోరాదు. అద్దములో కనబడునది తన ముఖమే యైనను, దానిపై దిద్దబడునది స్వామి పాదచిహ్నము. దినమున కొకసారియైనను అద్దమును ఈ విధముగ చూచినవాడు తక్కిన సమయములందును గర్వమునకు లోబడుట తక్కువ.

శుభ్రతకు అతిశయమును దోషమే. చేసిన పనినే మరల మరల చేయుచు, ఇతరుల స్పర్శకు ఉలికిపడుచు, ఇంటివారిని గద్దించుచు మడి పాటించువారికి విశ్రాంతి కలుగదు. పని ముగిసినదని మనస్సు ఒప్పుకొనవలయును. ముగింపు నొప్పుకొనని శుభ్రత శుభ్రతయే కాదు, అది భయము.

ఒకరి విశ్రాంతి మఱియొకరి శ్రమ కారాదు

ఇంతవఱకు చెప్పినదానిని విని, ఇంటి పనులు తపస్సని స్త్రీలకు ఉపదేశించి తాము పడకకుర్చీలో కూర్చుండు పురుషులుండవచ్చును. అనేక గృహములందు పిల్లల బూట్లు, భర్త బూట్లు, అందఱి బట్టలు, అన్ని పాత్రలు ఒక్క ఇల్లాలి చేతిమీదుగనే పోవుచున్నవి. స్వయముగ కోరి పావుగంట చేయునది విశ్రాంతి. తప్పనిసరియై దినమంతయు చేయునది ఖేదము. ఒకే పని యొకరికి తపస్సు, ఒకరికి ఖేదము కాగలదను ధాత్వర్థమును ఇచట మఱువరాదు.

ఈ విషయమున రామానుజుల నడవడి ప్రమాణము. వారి ఆచార్యులైన పెరియనంబిగారి కుమార్తె అత్తుళాయి. అత్తవారింట ఆమె నీటికి పోవుటకు తోడు కోరగా, అత్తగారు కసరి, పుట్టింటినుండి స్త్రీధనముగ పనివానిని తెచ్చుకొమ్మనెను. ఆమె తండ్రితో చెప్పుకొనెను; తండ్రి రామానుజులకడకు పంపెను. రామానుజులు ఆమెకు ఓర్పును ఉపదేశించి ఊరకుండలేదు. తమ మేనల్లుడును, శాస్త్రపారంగతుడును, తమ త్రిదండముతో సమానముగ తాము భావించినవాడును అగు ముదలియాండాన్‌ను ఆమె వెంట పనివానిగ పంపిరి. ఆ పండితుడు ఆ యింట సంతోషముతో సేవచేసెను. ఆయన వైదుష్యము తెలిసిన పిమ్మట అత్తవారు సిగ్గుపడి, ఆయనను పంపివేసి, కోడలిని ఆదరించిరి. ఈ ముదలియాండాన్‌కే రామానుజుల పాదుకలని ప్రసిద్ధి. రామానుజుల సన్నిధియందు భక్తులకు సాయించు శఠారికి నేటికిని 'ముదలియాండాన్' అనియే పేరు. కడవ మోయుటకు వెనుదీయని పండితునకు ఆచార్యపాదుక యను పదవి లభించినదని గృహస్థులు గుర్తుంచుకొనవలయును.

అభ్యాసక్రమము

ఆచరింపగోరువారు మొదట ఒక్క పనినే గైకొనవలయును. వారమున ఒక సాయంకాలము, శనివారమైన మేలు, ఇంటిలోని పాదరక్షలన్నిటిని వాకిట వరుసగ నుంచవలయును. ఆ సమయమున రేడియో, ఫోను మున్నగువానిని దూరముగ నుంచుట మంచిది. దుమ్ము దులుపునప్పుడు, ఈ పాదములు ఈ వారము ఎచ్చటెచ్చటికి నడచినవో ఒకసారి తలచుకొనవలయును. పోగూడని చోటికి పోయినచో అదియును తెలియును. రంగు పూయునప్పుడు కేశవాది నామములను మనస్సున స్మరింపవచ్చును. నామస్మరణకు దేశకాలనియమము లేదని పెద్దలు చెప్పుదురు. ఆఱునంతసేపు ఊరక కూర్చుండవలయును. ఈ ఊరక కూర్చుండుటయే అన్నిటికన్న కష్టము, అన్నిటికన్న ఫలదాయకము. మెఱుగు పెట్టిన తరువాత జతలను ఎవరివి వారి స్థానమున నుంచి, కాలుసేతులు కడిగికొని, దీపము పెట్టు వేళకు లోనికి పోవలయును.

పదేండ్లు దాటిన బాలురకు, బాలికలకు తమ బూట్లు తామే తుడుచుకొనుట నేర్పవలయును. మొదట తండ్రి తన బూట్లను వారి ప్రక్కన కూర్చుండి తుడిచినచో వేఱుగ బోధింపనక్కఱలేదు. వార్ధక్యమున చేతికి పని తప్పి కాలము గడవని పెద్దలకు ఈ పని చక్కగ తగును. చూపు మందగించినను వ్రేళ్ళకు మెఱుగు తెలియును. పనివారున్న ఇండ్లవారు వారమున కొక్కటియైన ఇట్టి పనిని తమకొఱకు మిగుల్చుకొనవలయును. పనివారికి ఆ పూట సెలవీయవలయును.

ఒక నెల ఇట్లు గడచిన తరువాత రెండవ పనిని, పూజాపాత్రలనో, వస్త్రములు మడచుటనో, వృద్ధులైన తలిదండ్రుల గోళ్ళు తీయుటనో చేర్చుకొనవచ్చును. నాలుగైదు మాసములకు, దినమున ఏదో యొక వేళ చిత్తము నెమ్మదించి నిలుచుటను సాధకుడు గమనించును. తరువాత తిరుమలకో, శ్రీరంగమునకో పోయినప్పుడు, మాడవీథులకు ముందు పాదరక్షలను విడుచునపుడు వానిని ఒకదానిపై నొకటి విసరివేయక జతగా చేర్చి యుంచును. ఆ నెమ్మదితో లోనికి పోయినవానికి దర్శనము క్షణకాలమే లభించినను, ఆ క్షణమున అతని చూపు చెదరక స్వామిపై నిలుచును.